నాలుగు వైపులా వీపు

లైసెన్సుల శాఖ మంత్రిగారు సభలో మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, మొట్టమొదట పలికిన మాట "లైసెన్స్". ఆ మైకుకి జలుబు. దాని ముక్కులోంచి బయటికొచ్చేసరికి ఆ మాట "సైలెన్స్" అయింది. హాలు హాలంతా ఠక్కున నోరు మూసుకుంది. బిస్కెట్ కొరికినవాళ్లు కొరికినట్టే ఆగిపోయారు, నమిలితే చప్పుడవుతుందని. విలేకరులు పెన్నుల మూతలు తియ్యలేదు, టిక్కుమంటాయని.

తన మొదటి మాటకే ఇంత గౌరవం దక్కడం మంత్రిగారు ప్రజాజీవితంలో ఎన్నడూ ఎరగరు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఆ ఊపులో, రాసుకొచ్చిన కాగితంలో లేనివి కూడా ప్రకటించేశారు.

"పిల్లలు ఆడుకునే బొమ్మలకి లైసెన్స్ ఉంది. పెద్దవాళ్లు కొనుక్కుని అద్దాల బీరువాల్లో దాచుకునే బొమ్మలకి లేదు. ఇది అరాచకం. ఎవరి ముఖం పడితే వాళ్ల ముఖం చేసేస్తున్నారు. ఇకనుంచి పెద్దల బొమ్మలు చేసే ప్రతి వర్క్‌షాపూ మా శాఖ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి. అందుకు ముందుగా ఒక మోడల్ బొమ్మ చేసి ఒప్పించాలి. ఎవరి బొమ్మ అని మీరు అడగొచ్చు."

ఎవరూ అడగలేదు. సైలెన్స్ కదా.

"నా బొమ్మే," అన్నారు మంత్రిగారు, అడగనివాళ్లకి కూడా జవాబిచ్చే ఔదార్యంతో.

పక్కనే ఉన్న పీఏగారు హాలంతా ఓసారి కలయజూసి, "అభ్యంతరాలు లేవు. ఏకగ్రీవం," అని తేల్చేశారు. ప్రజాస్వామ్యం అంత సాఫీగా నడవడం నేను కళ్లారా చూశాను.

నేను నాలుగో వరుసలో మా మరదలి పక్కన కూర్చున్నాను. మరదలంటే మా ఆవిడ చెల్లెలు. మంత్రిగారు "ప్రతి వర్క్‌షాపూ" అని భారీగా అన్నారు గానీ, ఊళ్లో అలాంటి వర్క్‌షాపు ఆమెది ఒక్కటే. ఆ మాటలోని బరువంతా ఆమె నెత్తినే పడింది.

ఆ వర్క్‌షాపులో నాకో కుర్చీ ఉంది. బొమ్మల పెట్టెల మీద రెండు ముక్కలు రాసిపెట్టడం నా పని. రాసేది రెండు ముక్కలు, కూర్చునేది రోజంతా. మా మరదలు చేసే బొమ్మలు జానెడు కూడా ఉండవు. బస్సు వెనకాల పరిగెత్తే గుమాస్తా. గొడుగు తెరుచుకోక దానితో పోట్లాడే టీచరమ్మ. పేపరు చదువుతూ నిద్రపోయిన పెద్దమనిషి. ఈ మూడోది మా మామగారు. ఆయన పోయి చాలా కాలమైంది గానీ, ఆయన కునుకు మాత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ బొమ్మ మోల్డు మా మరదలు ఆయన బతికుండగానే తీసింది. మళ్లీ తియ్యాలంటే మనిషి లేడు.

మర్నాడు పొద్దున్నే పీఏగారు వచ్చారు. మోల్డులన్నిటినీ ఇనప బీరువాలో పెట్టించి తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు.

"మంత్రిగారి బొమ్మ పాసైతే తాళం తీస్తానమ్మా. పదిహేను రోజుల్లో పాసవకపోతే మోల్డులు పగలగొట్టిస్తాను. ఈలోగా మంత్రిగారు పదవిలోంచి దిగినా పగలగొట్టిస్తాను."

"ఆయన దిగడానికీ మా నాన్న మోల్డుకీ ఏమిటండీ సంబంధం?" అంది మా మరదలు.

"మంత్రి దిగితే మోడల్ చెల్లదు. మోడల్ చెల్లకపోతే లైసెన్స్ లేదు. లైసెన్స్ లేకపోతే మీ నాన్నగారిది అక్రమ ముఖం."

"ఆయన బతికున్నప్పుడు కూడా మా అమ్మ అదే అనేదండీ," అంది మా మరదలు. కానీ నవ్వలేదు. బీరువా వైపే చూస్తోంది.

సరే, మంత్రిగారి బొమ్మ మొదలైంది. మా మరదలు కసిగా పనిచేసే మనిషి. మంత్రిగారు నవ్వుతూ కుడిచెయ్యి ఎత్తి ఊపుతున్నట్టు దింపింది. మెడ, భుజం, మోచెయ్యి తిరిగేట్టు కీళ్లు పెట్టింది. కళ్లలో చుక్కలు మా దగ్గర రంగులు వేసే చుక్కల మాస్టారు పెట్టాడు. ఆయన పేరు అదే అయిపోయింది. వెంట్రుకంత కుంచెతో కంటిపాపలో చుక్క పెడతాడు, అంతవరకూ బంకమట్టిలా ఉన్న మొహం మనల్ని చూడ్డం మొదలెడుతుంది. ఆ చుక్క పెట్టాక మంత్రిగారు మమ్మల్ని చూసి చెయ్యి ఊపుతున్నట్టే ఉంది. నేను మొహమాటానికి తిరిగి ఊపాను.

బొమ్మను పరీక్షించడానికి పీఏగారితో పాటు మంత్రిగారి బామ్మర్దిగారు వచ్చారు. ఆటబొమ్మల లైసెన్స్ మొత్తం ఈయనదే. పోటీ పెట్టి ఇచ్చారు. పోటీలో ఈయన ఒక్కరే ఉన్నారు, హోరాహోరీగా గెలిచారు. ఎప్పుడూ బావగారికి రెండడుగుల వెనకాలే నడవడం ఈయన అలవాటు. బావగారు లేనప్పుడు కూడా ముందు రెండడుగులు ఖాళీ వదిలే నడుస్తారు.

ఆయన బొమ్మ చెయ్యి పట్టుకుని పైకీ కిందికీ ఆడించారు.

"ఇది కదులుతోంది."

"అవునండీ, కీళ్లు పెట్టాం."

"కదిలితే ఆటబొమ్మ. ఆటబొమ్మ నాది. కదలకపోతే పెద్దల బొమ్మ. అది మీది."

"పెద్దవాళ్లు దీంతో ఆడుకోరండీ. ఓ పోజులో నిలబెట్టి చూసుకుంటారు."

"నేను పెద్దవాణ్నేగా," అని బామ్మర్దిగారు బొమ్మను బల్ల మీద నడిపించారు. జిగురు డబ్బా ఎక్కించారు. దింపారు. నోటితో కారు హారన్ కొట్టి బొమ్మను పక్కకి తప్పించారు. కాఫీ చల్లారిపోయింది. చివరికి పీఏగారు దగ్గితే ఈ లోకంలోకొచ్చి, "చూశారా, ఆడుకున్నాను. రుజువైపోయింది," అన్నారు.

కీళ్లన్నీ జిగురుతో బిగించేశాం. మంత్రిగారు ఉన్నచోటునుంచి కదలకూడదన్న షరతు విని స్వయంగా మంత్రిగారే చాలా సంతోషించారట. తన ఆశయం కూడా అదేనన్నారట.

రెండోసారి వచ్చినప్పుడు పీఏగారు బొమ్మ నోటివైపు వేలు చూపించారు.

"ఈ నవ్వు తీసెయ్యాలమ్మా. నవ్వు ప్రకటనల కోసం పళ్లపొడి కంపెనీకి ఇచ్చేశారు."

"నోరు మూసేస్తానండీ, పోనీ."

"మూసిన నోరు సిమెంటు కంపెనీది. ముక్కు, చెంపలు, నుదురు అన్నీ కలిపి తీసుకున్నారు. బస్తాల మీద వేస్తారు."

చుక్కల మాస్టారు కుంచె పట్టుకుని ముందుకొచ్చాడు. "కళ్లు ఉన్నాయిగా సార్?"

"కళ్లు కళ్లజోళ్ల షాపువాళ్లవి."

మాస్టారు కుంచె కడుక్కుని మూల స్టూలు మీద కూర్చున్నాడు. ఇన్నాళ్లూ అందరి కళ్లలో చుక్కలు పెట్టినాయనకి ప్రభుత్వం పట్టపగలే చుక్కలు చూపించింది.

"అయితే మొహం నున్నగా వదిలేస్తాను," అంది మా మరదలు.

"మంత్రిగారికి మొహం లేదంటారా? పరువునష్టం."

"మొహం ఉంటే సిమెంటువాళ్లు పట్టుకుంటారు, లేకపోతే మీరు పట్టుకుంటారు. నన్నేం చెయ్యమంటారు?"

"క్రియేటివ్‌గా ఆలోచించండి," అన్నారు పీఏగారు. ఏ పనీ రానివాళ్లు పని వచ్చినవాళ్లకి చెప్పే మాట ఇదే గనుక, ఆయన దాన్ని చాలా బాగా పలికారు.

ఇక చేతుల దగ్గరికి వచ్చాం. ఊపే చెయ్యి పార్టీ పోస్టర్లది, పార్టీ సొంతం. నేను కూడా బుర్ర పెట్టి సాయం చేశాను.

"రెండు చేతులూ ఎత్తితే?"

"చేతులెత్తేశారంటారు," అన్నారు పీఏగారు.

"చాపితే?"

"ఎవరి ముందు చెయ్యి చాపారంటారు."

"కట్టుకుంటే?"

"చేతులు కట్టుకు కూర్చున్నారంటారు."

"ఓ చెయ్యి జేబులో పెడితే?"

పీఏగారు తన జేబు తడుముకున్నారు. "ఎవరి జేబులో అంటారు," అన్నారు.

మిగిలింది ఎత్తు. పార్టీ అధినేతగారి బొమ్మ ఒకటి పార్టీ ఆఫీసులో ఉందట, జానెడు. మరే నాయకుడి బొమ్మా దాని భుజం దాటకూడదట. మంత్రిగారేమో తన బొమ్మ ఠీవిగా, ఎత్తుగా ఉండాలన్నారు. దీనికి మాత్రం ఇట్టే దారి దొరికింది. మనిషి ఎత్తుకి పరిమితి ఉంది గానీ, పీఠం ఎత్తుకి లేదు. బెత్తెడు మంత్రిగారిని మూరెడు పీఠం మీద నిలబెట్టాం. ఇందులో వింతేమీ లేదని పీఏగారు మమ్మల్ని ఓదార్చారు.

ఆ సాయంత్రం వర్క్‌షాపులో మేం ముగ్గురమే మిగిలాం. తిరగలి లాంటి తిప్పుడు బల్ల మీద మంత్రిగారి మట్టి బొమ్మ. మొహం చెక్కేశాం. చేతులు తీసేశాం. మా మరదలు ఎదురుగా కూర్చుని బల్లను కాలితో తిప్పుతోంది.

"గడువు అయిపోతోంది బావా. బీరువా తీసి నాన్న మోల్డొక్కటీ మీ ఇంట్లో పెట్టనా?"

"తాళం?"

"నువ్వు పగలగొట్టు."

"నాకు మాటలు విరవడమే వచ్చమ్మాయ్, తాళాలు విరవడం రాదు."

"నీకు అదీ సరిగ్గా రాదులే," అంది. విసుగొచ్చి బల్లను గట్టిగా తన్నింది. అది గిర్రున తిరిగి ఆగింది. మంత్రిగారు మాకు వీపు పెట్టి నిలబడ్డారు. పొడుగు కోటు, కాస్త వంగిన భుజాలు, కాలరు మీదికి పడిన జుట్టు. వెళ్లిపోతున్నట్టున్నారు.

మూలనున్న చుక్కల మాస్టారు చప్పున స్టూలు మీంచి లేచాడు. "వెళ్లిపోతున్నారా సార్," అన్నాడు. అని నాలిక్కరుచుకున్నాడు. మట్టి బొమ్మ అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది పాపం.

మా మరదలు ఆ వీపునే చూస్తూ అడిగింది. "బావా, వీపు ఎవరికి అమ్మారు?"

వెంటనే పీఏగారికి ఫోన్ చేశాను. ఆయన అటూ ఇటూ కనుక్కుని చెప్పారు: వీపుకి ఇంతవరకూ గిరాకీ రాలేదు. ఖాళీగానే ఉంది.

తెల్లారేసరికి మట్టి బొమ్మ తయారైంది. ముందు వీపు, వెనక వీపు, కుడి వీపు, ఎడమ వీపు. ఎటు తిప్పినా పొడుగు కోటు, వంగిన భుజాలు, కాలరు మీద జుట్టు. చేతుల ప్రసక్తే లేదు. అవి ఎప్పుడూ అవతలివైపు ఉన్నట్టు ఉంటాయి, అవతలికి వెళ్తే ఇవతలికి వచ్చినట్టు ఉంటాయి. చుక్కల మాస్టారికి పని పోకూడదని, మంత్రిగారి మెడ పక్కనున్న పుట్టుమచ్చ కూడా మా మరదలు పెట్టించింది. ఆయన ఆ ఒక్క చుక్కా కంటిపాప పెట్టినంత శ్రద్ధగా, ఊపిరి బిగబట్టి పెట్టాడు.

పీఏగారు బొమ్మ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఎక్కడ మొదలెట్టారో మర్చిపోయారు.

"కోటులోంచి వెన్నెముక గీత కనబడాలా అండీ?" అని అడిగింది మా మరదలు.

"అక్కర్లేదు. మాకెవరికీ ఎప్పుడూ కనబడలేదు."

"లోపల నింపాలా, డొల్లగా పొయ్యాలా?"

"లోపలి భాగానికి లైసెన్స్ ఎవరూ అడగలేదమ్మా. మీ ఇష్టం."

డొల్లగా పోసింది. తేలిగ్గా ఉంటుందని.

బామ్మర్దిగారు బొమ్మను బల్ల మీద నడిపించబోయారు. ఎటు నడిపినా అది తననుంచి దూరంగా వెళ్తున్నట్టే ఉంది. కాసేపు దాని వెనకాల తనూ బల్ల చుట్టూ తిరిగారు. చివరికి చెమట తుడుచుకుని, "దీంతో ఆడలేం. ఇది పెద్దలదే," అని ఒప్పుకున్నారు. అన్నారు గానీ కళ్లు మాత్రం ఆ వీపు మీదే ఉండిపోయాయి. చాలా ఏళ్ల పరిచయం.

ఒకే ఒక్క అనుమానం మిగిలింది. ఇది మంత్రిగారే అని గుర్తుపడతారా? మంత్రిగారు బొమ్మను ఇంటికి తెప్పించుకుని వాళ్లావిడకి చూపించారట. ఆవిడ వంటింట్లోంచే ఓ చూపు చూసి, "మీరే. నేను మాట్లాడుతుండగా ఇలాగేగా వెళ్తారు," అందట. మంత్రిగారు పరమానందపడి పాస్ చేసేశారు. పెట్టె మీద ఏం రాయాలని నన్నడిగారు. "మంత్రిగారు: ప్రజలకు నాలుగు వైపులా వెన్నుదన్ను" అని రాసిచ్చాను. అదీ పాసైంది. నా మాటలు ఒక్క అక్షరం తెగకుండా అచ్చవడం అదే మొదటిసారి.

విడుదల రోజు. అదే హాలు, అదే మైకు, అదే జలుబు. మంత్రిగారు ఏదో అనబోయి చెయ్యి ఎత్తి, అది పార్టీదని గుర్తొచ్చి దింపేసి, బొమ్మ మీద గుడ్డ లాగేశారు.

మొదటి వరుసలోంచే ఒకావిడ లేచింది. చేతిలో ఖాళీ బిందె ఉంది. సభకి బిందెతో ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు.

"ఈయనే. మా వీధి పంపు చూడ్డానికి వచ్చిందీయనే," అంది. "వచ్చారన్నారు, నేను పరిగెత్తుకెళ్లేసరికి ఇదిగో, ఇంతవరకే కనబడ్డారు."

ఇక చూడండి. "మా స్కూలుకొచ్చిందీ ఈయనే", "ఆసుపత్రి మెట్ల మీద చూశాను", "అర్జీ ఇద్దామని వెంటపడ్డాను, అదిగో ఆ మచ్చ" అంటూ హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మొహంతో ఏ మంత్రినీ జనం అంత వెంటనే గుర్తుపట్టి ఉండరు. మా మరదలు నా చెయ్యి పట్టుకుంది. "తాళం చెవి, బావా," అంది.

మేం వేదిక ఎక్కి పీఏగారి దగ్గరికి వెళ్లాం. ఆయన నవ్వుతూ జేబులో చెయ్యి పెట్టారు. సొంత జేబులోనే. చెవి బయటికి తీస్తుండగా రెండో జేబులో ఫోన్ మోగింది. విన్నారు. నవ్వు ఆగింది. చెవి మళ్లీ జేబులోకి వెళ్లింది. పీఏగారు వెళ్లి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు.

మంత్రిగారు అటు తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయారు. వెళ్తుంటే పొడుగు కోటు, వంగిన భుజాలు, కాలరు మీద జుట్టు. మా మరదలి పనితనం ఎంత గొప్పదో నాకు ఆ క్షణంలో పూర్తిగా అర్థమైంది.

"ఆయన ఇప్పుడు మాజీ అమ్మా," అన్నారు పీఏగారు మెల్లిగా. "మోడల్ చెల్లదు. రేపు మనుషుల్ని పంపిస్తాను. మోల్డులు..."

"సుత్తి దెబ్బ పడేముందు ఒక్కటి," అంది మా మరదలు. "ఒక్కటి పోసుకుంటాను. నాన్నది. ఒకే ఒక్కటి."

పీఏగారు నేల చూశారు. ఆయనకీ ఎక్కడో ఒక నాన్న ఉండే ఉంటాడు.

అప్పుడే వేదిక మీద ఇంకో ఫోన్ మోగింది. బామ్మర్దిగారిది. ఆయన లేచి నిలబడి మాట్లాడారు. "చిత్తం" అన్నారు. "మీ దయ" అన్నారు. ఫోన్ పెట్టేసి, జీవితంలో మొదటిసారి ముందు ఖాళీ వదలకుండా నడిచి, మైకు పక్కకి వచ్చారు. అప్పటికే పీఏగారు ఆయనకి రెండడుగుల వెనక నిలబడి ఉన్నారు. పీఏగారి చెవులు ఫోన్లకంటే ముందు వింటాయి.

కొత్త మంత్రిగారు బొమ్మ దగ్గరికి వెళ్లారు. చుట్టూ తిరిగారు.

"నన్ను బాగా పట్టారు," అన్నారాయన.

"సార్, ఇది మీ బావగారి..." అనబోయాను. మా మరదలు నా కాలు తొక్కింది. మామూలు తొక్కుడు కాదు.

"బావ వెనకాలే నడిచి నడిచి నా వీపూ ఇలాగే అయిందండీ. నా వీపు నాకు తెలీదా?"

నిజానికి తన వీపు ఎవరూ చూసుకోలేరు. కనుక ఎవరూ కాదనలేరు. పీఏగారు బొమ్మనీ కొత్త మంత్రిగారి వీపునీ మార్చి మార్చి చూసి, "అచ్చుగుద్దినట్టుంది సార్. మచ్చ ఒక్కటే తేడా," అన్నారు.

"మచ్చ పెట్టించుకుంటాను," అన్నారు కొత్త మంత్రిగారు.

చుక్కల మాస్టారు మూడో వరుసలోంచే జేబులో కుంచె తడుముకున్నాడు.

మోడల్ చెల్లింది. పీఏగారు తాళం చెవి తీసి మా మరదలి చేతిలో పెట్టారు. ఆమె దాన్ని గుప్పెట్లో బిగించి, ఆ గుప్పెట్ని రెండో గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంది. పీఏగారిచ్చిన లైసెన్స్ కాగితాన్ని నా చేతికే వదిలేసింది. అది నేను పడేసినా ఆమెకి తెలిసేది కాదు.

కొత్త మంత్రిగారు మైకు ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "లైసెన్స్," అన్నారు.

హాలు ఠక్కున నోరు మూసుకుంది. చప్పట్లు కొడుతున్న చేతులు గాల్లోనే ఆగాయి.

ఈసారి పీఏగారికి విషయం అర్థమైంది. ఆయన మైకు దగ్గరికొచ్చి, దాన్ని రెండుసార్లు తట్టి, అందరికీ వినబడేలా విప్పి చెప్పారు. "చూడండి, మంత్రిగారన్నది సైలెన్స్ కాదు, లైసెన్స్. లై-సె-న్స్. మొన్నటి సభలో పాత మంత్రిగారూ అదే అన్నారు, మీరే తప్పు విన్నారు. దోషం మైకుది. మిమ్మల్ని ఎవరూ నోరు మూసుకోమనలేదు. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనలేదు. హాయిగా మాట్లాడొచ్చు, ఏమైనా అడగొచ్చు."

హాల్లో ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. కొత్త మంత్రిగారు ఈలోగా బొమ్మను ఇంకోసారి చూసుకుందామని మాకు వీపు పెట్టి దాని పక్కన నిలబడ్డారు.

బిందె ఆవిడ లేచింది. వేదిక వైపు చూసింది. ఆ పక్కనుంచి ఈ పక్కకీ, ఈ పక్కనుంచి ఆ పక్కకీ చూసింది.

"పంపు గురించి అడగాలి నాయనా," అంది పీఏగారితో. "వీళ్లిద్దర్లో ఎవర్నడగను?"